వేలితో వ్రాత: సెల్‌ఫోనులో మన తెలుగు

అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాని చూపుడువేలు పట్టుకొని మొదటి అక్షరం దిద్దించడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఆచారం. ఆ పిమ్మట పలక, బలపం వచ్చేవి. తరువాత కలం వచ్చేది. వేలికి వ్రాతపని అంతటితో తీరిపోయిందని అందరమూ అనుకొన్నాం. కాని నేడు ఏ ఇంటికి పోయినా చిన్నా పెద్దా అదే వేలితో అరచేతిలోని గాజుపలక మీద వ్రాస్తూనే ఉన్నారు. మా పళనిలో కొండమీది స్వామి సన్నిధికి 2023 అక్టోబరు నుండి సెల్‌ఫోను తీసుకొని పోరాదని నిషేధం పెట్టినారు. జనం వేళ్ళు విశ్రాంతి పొంది, చేతులు జోడింపబడే చోటు అదొక్కటే అని మా ఆఫీసులో వేడుకగా చెప్పుకొంటూ ఉంటాము.

అయితే ఆ గాజుపలక మీద మనం వ్రాసేది ఏ భాష? ఏ లిపి? ఈ ప్రశ్న మన కుటుంబాలకు చిన్నది కాదు. నాయకరాజుల కాలం మొదలు ఈ మధుర, కోయంబత్తూరు సీమలలో స్థిరపడిన వారం మనం. ఇంట్లో తెలుగు మాట్లాడుతాము, బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుకొంటాము. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయినది. తమిళం మనకు అన్నం పెట్టే భాష. దానిని బాగా నేర్వవలసిందే. కాని మనలో చాలామంది పిల్లలకు తెలుగు అక్షరం నేర్పే చోటు ఇల్లు ఒక్కటే మిగిలింది. ఆ ఇంటిలో సాయంకాలపు తీరిక అంతా సెల్‌ఫోను పుచ్చుకొంటున్నది. కనుక ఆ సెల్‌ఫోనునే ఈ పనికి పెట్టుకొనే మార్గం ఉన్నదా అని విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మీటల కాలం

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుండి పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాంతో మాట్లాడినారు. ఆనాటి ఫోనులకు పన్నెండు మీటలు. అందులో ఎనిమిది మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు ఇరవైయారూ సర్ది ఉండేవి. ‘ఎస్’ అనే అక్షరం కావాలంటే ఏడవ అంకె మీట నాలుగుసార్లు నొక్కాలి. ఈ శ్రమ తగ్గించడానికి అమెరికాలో టెజిక్ అనే సంస్థ ‘టీ నైన్’ అనే ఉపాయం కనిపెట్టింది. ఒక్కొక్క అక్షరానికి మీట ఒక్కసారి నొక్కితే చాలు. ఆ మీటలతో ఏ మాట కుదురుతుందో ఫోనే తన నిఘంటువులో వెదకి చూపుతుంది.

ఇంగ్లీషుకే ఇంత తంటా అయితే తెలుగు సంగతి చెప్పవలెనా? మన అచ్చులూ హల్లులూ కలిపి యాభైకి పైబడిన అక్షరాలు. వాటికి గుణింతాలు, ఒత్తులు. పైగా ఇంకొక కష్టం. ఇంగ్లీషు అక్షరాలతో పంపే ఒక సందేశానికి 160 అక్షరాల చోటు ఉంటే, తెలుగు లిపిలో పంపే సందేశానికి 70 గుర్తుల చోటే ఉంటుంది. ‘లక్ష్మి’ అన్న పేరు చూడండి. మన కంటికి అవి రెండక్షరాలు. యంత్రానికి మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి ఆరు. ఈ లెక్కన ఒక పెండ్లి కబురు తెలుగులో పంపాలంటే మూడు నాలుగు సందేశాల ఖర్చు అయ్యేది. అందువల్ల జనం తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాయడానికి అలవాటు పడినారు. ఆనాడది అవసరం. ఆ అవసరం తీరిపోయి ఏండ్లు గడిచినా అలవాటు మాత్రం నిలిచిపోయింది. ఈనాటి పిల్లలు తెలుగును ఆ వేషంలోనే ఎక్కువగా చూస్తున్నారు.

నావంటి గుమాస్తాలకు టైపురైటింగు లోయరు, హయ్యరు పరీక్షలు పాసు కావడం అన్నంత ముఖ్యం. ఇంగ్లీషు, తమిళం టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్లు మా ప్రాంతాల్లో వీధికొకటి ఉండేవి. తమిళానికి 1999లో ప్రభుత్వమే ‘తమిళ్ 99’ అనే మీటల వరుసను ఆమోదించింది. తెలుగు టైపు నేర్పే చోటు మాత్రం నేను మా ఊళ్ళో చూడలేదు. అంటే, మన వేళ్ళకు తెలుగు మీటల అభ్యాసం తప్పిపోయింది. ఈ లోటును టచ్ స్క్రీను వచ్చి కొంతవరకు తీర్చింది.

గాజు మన వేలిని ఎట్లా గుర్తిస్తుంది?

తెరను వేలితో తాకి యంత్రానికి ఆజ్ఞ ఇవ్వవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో మాల్వర్న్ రాడారు పరిశోధన శాలలో ఇ. ఏ. జాన్సన్ అనే ఇంజనీరు 1965లోనే దానిని వివరిస్తూ వ్రాసినాడు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1968 డిసెంబరు 9న ‘మౌసు’ను బహిరంగంగా ప్రదర్శించినాడు. తెరమీద ఫలానా చోటు అని చూపడానికి ఒకటి వేలును నమ్మితే, ఇంకొకటి బల్లమీది ఎలుకను నమ్మింది. ఆఫీసులలో ఎలుక గెలిచింది. అరచేతిలో చివరకు వేలే గెలిచింది.

కాని వెంటనే కాదు. 1994లో అమ్మకానికి వచ్చిన ఐబీఎం వారి ‘సైమన్’ ఫోనుకు తాకే తెర ఉండేది. 1996లో ‘పామ్ పైలట్’ అనే చేతియంత్రం వచ్చింది. దానిమీద పుల్లవంటి కలంతో వ్రాయాలి. అయితే మన చేవ్రాత దానికి తెలియదు. అది చెప్పిన వంకరలలో అక్షరాలు వ్రాయడం మనమే నేర్చుకోవాలి. బ్లాక్‌బెర్రీ ఫోనులకు 2006లో గోళీవంటి చిన్న బంతి పెట్టినారు. దానిని బొటనవేలితో దొర్లిస్తే తెరమీది గుర్తు కదిలేది. 2007లో ఐఫోను వచ్చిన తరువాత పుల్లా పోయింది, గోళీ పోయింది, మీటలూ పోయినవి. వేలు, గాజు మాత్రమే మిగిలినవి.

ఈ గాజులోని కిటుకు సులభంగానే చెప్పవచ్చు. గాజు అడుగున కంటికి కనిపించని, విద్యుత్తు ప్రవహించే పలుచని పూత అడ్డుగీతలు నిలువుగీతలుగా ఉంటుంది. దానిపై ఎప్పుడూ కొద్దిపాటి విద్యుత్తు నిలిచి ఉంటుంది. మన దేహం కూడా విద్యుత్తును గ్రహించేదే గదా! వేలు దగ్గరకు పోగానే ఆ చోట విద్యుత్తు కొంచెం మారుతుంది. ఏ నిలువుగీత, ఏ అడ్డుగీత కలిసే చోట మారిందో లెక్కకట్టి, వేలు ఫలానా చోట ఉన్నదని ఫోను తెలుసుకొంటుంది. ఇందులో నొక్కవలసిన పని లేదు. గోరుతో తాకితే పలకకపోవడానికీ, చేయి తడిగా ఉంటే తెర పిచ్చిపిచ్చిగా ప్రవర్తించడానికీ కారణం ఇదే. నీరు కూడా విద్యుత్తును గ్రహిస్తుంది గనుక, నీటిచుక్కను వేలు అని అది భ్రమపడుతుంది. పొలంలోనో మగ్గం మీదనో పని చేసి కాయలు కాచిన వేళ్ళకు తెర సరిగా పలకదు. చర్మం మందంగా, పొడిగా ఉండడమే దానికి కారణం. మన పెద్దలు ‘నా చేతికి ఇది రాదురా’ అని ఫోను పక్కన పెట్టేస్తారు. అది వారి తెలివితక్కువ కాదు. చిటికెనవేలితోనో, అయిదారు వందల లోపు దొరికే రబ్బరుమొన కలంతోనో ప్రయత్నించమని వారికి చెప్పాలి.

ఇంకొక సౌకర్యం చాలామందికి తెలియదు. వ్రాసిన మాటలో మధ్య ఒక ఒత్తు తప్పు పడితే, అక్కడ వేలు పెట్టగానే వేలి కిందనే అక్షరం దాగిపోతుంది. అప్పుడు తెరపై తడుముకోవద్దు. గూగుల్ వారి జీబోర్డులో స్పేస్ మీటమీద వేలు ఉంచి అటూ ఇటూ జరిపితే, పైన వ్రాతలోని గీత ఒక్కొక్క గుర్తుగా కదులుతుంది. ఐఫోనులో అదే మీటను కొంతసేపు పట్టి ఉంచి జరపాలి. తెలుగు వంటి ఒత్తుల భాషకు ఇది ఎంతో ఉపకరిస్తుంది.

తెలుగు వ్రాయడానికి నాలుగు దారులు

మన దేశంలో అమ్మే ఫోనులన్నిటిలో 22 భారతీయ భాషలూ చదవడానికి వీలుండాలనీ, ఇంగ్లీషు, హిందీ కాక ఇంకొక భారతీయ భాషలో వ్రాయడానికి సౌకర్యం ఉండాలనీ 2016లో ప్రమాణం ఏర్పరచినారు. కనుక ఈనాడు ‘మా ఫోనులో తెలుగు లేదు’ అనడానికి చాలావరకు ఆస్కారం లేదు. దారులు నాలుగు.

మొదటిది, తెలుగు అక్షరాల మీటలు. దీనికి ఆధారం 1986లో ప్రభుత్వ ఆధ్వర్యాన రూపొందిన ‘ఇన్‌స్క్రిప్ట్’ వరుస. కంప్యూటరు మీటలపై అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. తెలుగులో ‘క’ ఉన్న మీటమీదనే కన్నడంలోనూ ‘క’ ఉంటుంది. ఒకసారి చేయి తిరిగితే పెక్కు భాషలకు పనికి వస్తుంది.

రెండవది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు లిపిలో మారడం. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ‘ఆర్‌టీఎస్’ అనే పద్ధతి 1990ల నుండి ప్రవాసాంధ్రులలో వాడుకలో ఉండేది. తరువాత ‘లేఖిని’ వంటి సాధనాలు వచ్చినవి. నేడు ఫోనులోనే ఆ ఏర్పాటు ఉన్నది. యువకులకు ఇదే సుకరం. కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. కలలోని ‘కల’కూ, విద్యలోని ‘కళ’కూ ఇంగ్లీషు అక్షరాలు ఒకటే. ఫోను రెండూ చూపి ఏది కావాలంటుంది. ఏరుకోవాలంటే ల, ళ భేదం తెలిసి ఉండాలి గదా!

మూడవది, గాజుమీద వేలితో నేరుగా అక్షరం వ్రాయడం. గూగుల్ వారు 2015లో 82 భాషలకు ఈ వసతి కల్పించినారు. పామ్ పైలట్ నాటి మాదిరి యంత్రం కోసం మనం వంకరలు నేర్వనక్కరలేదు. మన చేవ్రాతను అదే పోల్చుకొంటుంది. పళ్ళెంలో బియ్యం పోసి దిద్దినట్లే, తలకట్టు, దీర్ఘం, ఒత్తు అన్నీ వేలితో పెట్టాలి.

నాల్గవది, నోటితో చెబితే ఫోను వ్రాసుకోవడం. 2017 ఆగస్టులో తెలుగు, తమిళం సహా ఎనిమిది భారతీయ భాషలకు గూగుల్ వారు ఈ సౌకర్యం చేర్చినారు.

జీబోర్డు ఉన్న ఫోనులో ఇవి అమర్చుకోవడం కష్టం కాదు. దాని సెట్టింగులలో ‘లాంగ్వేజెస్’ అన్నచోట తెలుగును చేర్చాలి. అక్కడే మీటలా, ఇంగ్లీషు నుండి మార్పా, చేవ్రాతా అని అడుగుతుంది, మూడూ ఎంచుకోవచ్చు. ఆపైన భూగోళం గుర్తు మీట నొక్కితే భాష మారుతుంది. మైకు గుర్తు నొక్కితే మాట వింటుంది.

మన లిపి ఎంత గట్టిదో యంత్రాలకు కూడా ఒకసారి తెలిసి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక విధంగా కూర్చబడి వస్తే ఐఫోనులలో ఆ సందేశం తెరచిన అప్లికేషను నిలిచిపోయేది. ఆ ఒత్తు, ఆ దీర్ఘం, వాటి నడుమ కంటికి కనిపించని ఒక గుర్తు కలిసినప్పుడు యంత్రం అక్షరాన్ని గీయలేకపోయింది. ప్రపంచమంతటా పత్రికలు ఈ వార్త వ్రాసినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ పంపింది. జ్ఞానానికి మొదటి అక్షరమే గొప్ప యంత్రాన్ని ఆపివేసిందని నవ్వుకొన్నాం గాని, అందులో ఒక పాఠం ఉన్నది. ఒక లిపిని వాడేవారు ఎక్కువగా ఉంటేనే దాని చిక్కులు బయటపడతాయి, సవరించేవారు సవరిస్తారు.

అవ్వ మాటా, ఫోను మాటా

మా బంధువుల ఇంట ఎనభై దాటిన అవ్వ ఒకామె ఉన్నది. ఆమెకు ఏ లిపీ రాదు. మనుమడు బెంగుళూరులో ఉద్యోగం. ఒకనాడు మైకు గుర్తు నొక్కి ఫోను ఆమె నోటి దగ్గర పెట్టినాను. ‘నాయనా, నీ కోసరం కాచుకొని ఉండాను’ అన్నది. తెరమీద ‘నీ కోసం కాచుకొని ఉన్నాను’ అని పడింది.

‘అవ్వా, నువ్వు చెప్పింది ఒకటి, అది వ్రాసింది ఒకటి’ అన్నాను.

‘అదేమిరా, నా మాటను దిద్దేదానికి అదెవరు?’ అన్నది అవ్వ.

ఆమె ప్రశ్న సమంజసమైనదే. మాటను వ్రాతగా మార్చే యంత్రం వేలాది గంటల ప్రసంగం విని, ఏ ధ్వని తరువాత ఏ మాట రావడం సహజమో లెక్క కట్టుకొంటుంది. అది విన్న తెలుగులో అధిక భాగం హైదరాబాదు, విజయవాడ వైపుది. ‘కోసరం’, ‘ఉండాను’, ‘పోయినాము’ అనే మన మాటలు దాని చెవికి తక్కువగా పడినవి. అందుచేత మనం చెప్పినదాన్ని తనకు తెలిసిన మాటకు జరుపుకొంటుంది. మధ్యలో ఒక తమిళ మాట దొర్లితే ఇంకా తికమకపడుతుంది. నాలుగైదు వందల ఏండ్లు మనం కాపాడుకొన్న పలుకుబడిని ఇట్లా రోజూ దిద్దుతూ పోతే, పిల్లలు తమ అవ్వ మాటే తప్పు అనుకొనే ప్రమాదం ఉన్నది.

కథ అంతటితో ఆగలేదు. మనుమని వద్దనుండి జవాబు వచ్చింది. అది తెలుగే, కాని ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నది. ఫోనుకు వ్రాతను చదివి వినిపించే శక్తి ఉన్నది గదా అని వినిపించబోతే, అది ఇంగ్లీషు అనుకొని ఏదో గొణిగింది. అవ్వకు ఒక్క ముక్క తెలియలేదు. అదే జవాబు తెలుగు లిపిలో ఉంటే ఫోను చక్కగా చదివి వినిపించి ఉండేది. ఇది నాకు కొత్తగా తోచిన సంగతి. లిపి చదువుకొన్నవారికే కావాలని మనం అనుకొంటాము. లిపి రాని అవ్వకు మనుమని మాట చేరడానికి కూడా ఆ లిపే వంతెన అవుతున్నది.

కొందరు తమిళ అక్షరాలతోనే తెలుగు వ్రాసుకొంటే సరిపోదా అంటారు. ఇంట్లో పద్దులకు, పాటల పుస్తకాలకు మన పెద్దలు అట్లా వ్రాసుకొన్నవారే. కాని తమిళంలో క, ఖ, గ, ఘ లకు అక్షరం ఒకటే. వీచే ‘గాలి’, ‘కాలి’ నొప్పి రెండూ ఒకే విధంగా పడతాయి. ఇంట్లో పెరిగినవారు సందర్భాన్నిబట్టి పోల్చుకొంటారు. యంత్రమూ, దూరాన పెరిగిన పిల్లవాడూ పోల్చుకోలేరు. తమిళానికి దాని అక్షరాలు నిండుగా సరిపోయినట్లే, తెలుగుకు తెలుగువి సరిపోతాయి.

ఆ మాటకు వస్తే మా ఊరి పేరే చూడండి. ‘పళని’లోని తమిళ ధ్వనికి మనం ‘ళ’ వ్రాసి సరిపెట్టుకొంటున్నాము. కాని నన్నయ భట్టారకునికి ముందరి కాలపు తెలుగు శాసనాలలో ఆ ధ్వనికి వేరే అక్షరమే ఉండేది. తరువాత వాడుక తప్పింది. అంతర్జాతీయ లిపి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుండి ఉన్నది. ఈ పాత అక్షరానికి 2014లో దానిలో చోటు దొరికింది. సుమారు వేయేండ్ల క్రిందట మరుగున పడిన అక్షరానికి కూడా చోటు ఉన్న ఈ కాలంలో, బ్రతికి ఉన్న అక్షరాలను మనం వదులుకోవడం న్యాయమా?

మనం చేయదగిన పనులు

ఇందుకు పెద్ద ధనమూ, పెద్ద సభలూ అక్కరలేదు. ప్రతి ఇంటిలో ఏడెనిమిది ఏండ్ల పిల్లలకు ఫోను ఇచ్చేటప్పుడు, మొదటి పది నిమిషాలు చేవ్రాత పద్ధతిలో తెలుగు అక్షరాలు దిద్దించండి. ఆటకు ఆట, చదువుకు చదువు. సరిగా దిద్దితే మాట తెరమీద పడుతుంది గనుక పిల్లలకు ఉత్సాహం. కాలేజీ పిల్లలు ఇంగ్లీషు అక్షరాలే కొట్టనీయండి. కాని తెలుగుగా మారే ఏర్పాటు పెట్టుకొని కొట్టాలి. వారికి అదనపు శ్రమ లేదు, అవ్వకు మాత్రం వినబడుతుంది. పెద్దలు మైకు వాడుకోవచ్చు. ఫోను దిద్దిన మాటను వెనుకకు మార్చి, మన ‘ఉండాను’ను మనం నిలబెట్టుకోవాలి.

మన సంఘాలు చేయవలసినది ఇంకొకటి ఉన్నది. మద్రాసు ఐఐటీలోని ‘ఏఐ ఫర్ భారత్’ అనే పరిశోధన బృందం 22 భారతీయ భాషల ప్రసంగాన్ని జిల్లాల వారీగా సేకరించి, ‘ఇండిక్ వాయిసెస్’ పేర 2024లో వెలువరించింది. యంత్రాలకు భాష నేర్పేది ఇటువంటి సేకరణలే. దిండిగల్లు, మధుర, తేని, కోయంబత్తూరు జిల్లాలలోని మన ముసలివారి మాటలు, సామెతలు, పెండ్లిపాటలు ఇప్పుడే రికార్డు చేసి, ఎవరి మాట, ఏ ఊరు, ఏ సంవత్సరం అని వ్రాసి భద్రపరిస్తే, రేపు ఇటువంటివారికి ఇవ్వడానికి మన వద్ద ఏదో ఒకటి ఉంటుంది. ఫోనులోనే రికార్డరు ఉన్నది. ఆదివారం కూడిక రోజున అరగంట చాలు. చెప్పేవారి అనుమతి తీసుకోవడం మాత్రం మరువరాదు.

మా అవ్వ మనుమనికి ఫోను చేసి, తెలుగు అక్షరాలలో ఎట్లా వ్రాయాలో చెప్పినాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. నాలుగు పంక్తులు, రెండుచోట్ల ‘ళ’కు బదులు ‘ల’ పడింది. ఫోను చదివింది, అవ్వ విన్నది. ‘ఇంకొకసారి చెప్పమను’ అన్నది.